సోమవారం ఫ్యాక్టరీ... శనివారం హిమాలయం

‘బద్దీలో కొత్త లైను మొదలవుతోంది. సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా అక్కడే ఉండాలి.’

ఆఫీసులో చెప్పిన కబురు ఇంతే. రాత్రి భోజనాల దగ్గరికొచ్చేసరికి అది ఒక్కొక్కరికీ ఒక్కోలా వినపడుతుంది. నాన్నకి అక్కడి చలి గుర్తొస్తుంది. తమ్ముడికి అక్కడి ఉన్ని స్వెటర్లు గుర్తొస్తాయి. నాలుగు నెలలు ఏం తింటుందోనని నానమ్మ దిగులు. కబురు తెచ్చిన అమ్మాయికి మాత్రం ఒకటే ధ్యాస... కొండలు!

హైదరాబాద్‌లో అలాంటి ఇల్లు ఒకటుందనుకుందాం. మందుల కంపెనీల ఊరు కదా, ఊహించుకోవడం కష్టమేమీ కాదు. హిమాచల్‌ప్రదేశ్‌లోని బద్దీలో మందుల ఫ్యాక్టరీలు బారులు తీరి ఉంటాయి. చండీగఢ్ నుంచి గంట, గంటన్నర ప్రయాణం. ఇక్కణ్నుంచి క్వాలిటీ వాళ్లూ ప్రొడక్షన్ వాళ్లూ నెలల తరబడి అక్కడికి వెళ్లిరావడం మామూలే. వెళ్లినవాళ్లలో చాలామంది ఆదివారాలు గదిలో బట్టలుతుక్కుంటూ, ఫోన్ చూసుకుంటూ గడిపేసి, ఆఖరి వారంలో గబగబా సిమ్లా చూసి వచ్చేస్తారు. తలుపు తెరిస్తే హిమాలయం కనిపించే చోట నాలుగు నెలలుండి!

ఈ అమ్మాయి అలా చేయదలచుకోలేదు. ఓ తెల్ల కాగితం తీసుకుని పదిహేడు ఆదివారాలకు పదిహేడు గళ్లు గీసింది. అమ్మ ఆ కాగితం వంక చూసి ఒక్క మాటే అంది.

‘ఎక్కడికైనా వెళ్లు తల్లీ. ఆ బియాస్ నది వైపు మాత్రం వద్దు.’

అమ్మ భయం ఉత్త భయం కాదు. 2014 జూన్ 8 సాయంత్రాన్ని తెలుగువాళ్లు మర్చిపోలేరు. హైదరాబాద్ నుంచి విహారయాత్రకు వెళ్లిన ఇంజినీరింగ్ విద్యార్థులు మండీ జిల్లా థలౌట్ దగ్గర ఫొటోల కోసం బియాస్ నదిలోకి దిగారు. ఎగువన లార్జీ విద్యుత్ ప్రాజెక్టు నుంచి వదిలిన నీళ్లు ఉన్నట్టుండి వచ్చిపడ్డాయి. 24 మంది విద్యార్థులు కొట్టుకుపోయారు. వాళ్ల వెంట ఉన్న టూర్ నిర్వాహకుడు కూడా. అక్కడ ఆ వేళకి వాన లేదు, వరద హెచ్చరిక లేదు. రాళ్ల మధ్య మోకాలి లోతు నీళ్లు, అంతే. వారాల తరబడి గాలింపు సాగింది. టీవీల ముందు కూర్చున్న ఇళ్లన్నీ తమ పిల్లల కోసమే అన్నట్టు ఎదురుచూశాయి.

మండీ నుంచి కుల్లూ వెళ్లే దారిలో, ఔట్‌కి దగ్గర్లోనే ఉంటుంది థలౌట్. మనాలీ పోవాలన్నా, జలోరీ కనుమకి పోవాలన్నా ఆ దారే. కాబట్టి ‘ఆ వైపు వెళ్లను’ అని మాటివ్వడం కుదరదు. ‘ఆనకట్ట ఉన్న నదిలో నీళ్లెంత తక్కువగా కనిపించినా దిగను’ అని మాటివ్వొచ్చు. కాగితం పైన మొదట రాసింది అదే. గళ్లు నింపడం ఆ తర్వాత!

కొండలకీ ఓ క్యాలెండర్

సెలవు ఎప్పుడు దొరికితే అప్పుడు వెళ్లడం మనకలవాటు. కొండలకి ఆ లెక్క పట్టదు. జులై, ఆగస్టుల్లో హిమాచల్ వానలు కొండచరియల్ని దారులమీదకి దించేస్తాయి. 2023 జులైలో బియాస్ పొంగి మనాలీకి రోడ్డు తెగిపోయింది. అదే వారంలో లాహౌల్-స్పితిలోని చంద్రతాల్ సరస్సు దగ్గర వానాకాలమని కూడా చూడకుండా మంచు కురిసి, రెండొందల మందికి పైగా పర్యాటకులు రోజుల తరబడి చిక్కుకుపోయారు. ఏటా జులై 15 నుంచి సెప్టెంబరు 15 దాకా ఆ రాష్ట్రంలో పారాగ్లైడింగ్, రాఫ్టింగ్‌లకి అనుమతి ఉండదు. ఆ రెండు నెలల్లో ‘మేం తీసుకెళ్తాం రండి’ అనేవాడు ఎవరైనా ఉంటే, వాడి మిగతా మాటలూ నమ్మక్కర్లేదు.

సెప్టెంబరు మూడోవారం దాటాక ఆకాశం కడిగినట్టవుతుంది. అక్కణ్నుంచి నవంబరు మొదటి వారాల దాకా బంగారంలాంటి రోజులు. ఈలోగా పైనుంచి ఒక్కో తలుపూ మూసుకుంటూ వస్తుంది. అక్టోబరు చివరికి నాలుగు వేల మీటర్ల పైనున్న కనుమలు మంచుతో మూతపడటం మొదలవుతుంది. డిసెంబరు వచ్చేసరికి మూడు వేల మీటర్ల దగ్గర కూడా నమ్మకం లేదు.

ఇక్కడే ఓ చిక్కుంది. కొత్తగా వెళ్లిన మనిషి చిన్న కొండలతో మొదలుపెట్టి పెద్దవాటికి వెళ్లాలి. సెప్టెంబరులో వెళ్లినవాళ్లకి ఆ పెద్దవే ముందు మూతపడతాయి! అందుకని పెద్ద నడక ఏదైనా అక్టోబరు నడిమిలో పెట్టుకోవాలి. దానికి ముందు నెల కాళ్లకి బడి, తర్వాత రెండు నెలలూ తీరిగ్గా దిగువ కొండలు. మార్చిలో ప్రాజెక్టు మొదలయ్యేవాళ్లకి ఈ బాధ లేదు. మంచు కరుగుతూ తలుపులు కిందినుంచి పైకి తెరుచుకుంటాయి, మనిషీ వాటితోపాటే పైకి పోవచ్చు. జూన్‌లో వెళ్లేవాళ్లది మరీ అన్యాయం... ఊపిరి పీల్చుకునేలోపే వానలు.

చండీగఢ్ పల్లం... పైన గాలి పలచన

హిమాలయాల దగ్గరున్నంత మాత్రాన ఎత్తు అలవాటవుతుందనుకుంటే పొరపాటు. చండీగఢ్ సముద్రమట్టానికి 320 మీటర్ల ఎత్తులో ఉంటుంది. హైదరాబాదే అంతకంటే ఎత్తు, 540 మీటర్ల పైమాటే! మన హార్స్‌లీ హిల్స్ 1,265 మీటర్లు. తూర్పు కనుమల్లో అన్నిటికంటే ఎత్తయిన శిఖరం కూడా 1,700 మీటర్లు దాటదు. అంటే తెలుగునేల మీద ఎంత తిరిగినా గాలి పలచబడటమంటే ఏమిటో ఒంటికి తెలియదు.

రెండున్నర వేల మీటర్లు దాటితే తెలుస్తుంది. మూడున్నర వేల దగ్గర, సముద్రతీరంలో దొరికే ఆక్సిజన్‌లో మూడింట రెండు వంతులే అందుతుంది. తలనొప్పి, వికారం, అన్నం సయించకపోవడం, నిద్రపట్టకపోవడం... ఇవి తొలి గుర్తులు. ‘బస్సు పడలేదేమో’ అని సర్దిచెప్పుకుని ఇంకా పైకి పోవడంలోనే ఉంది ప్రమాదం. కదలకుండా కూర్చున్నా ఆయాసం వస్తున్నా, తాగినవాడిలా అడుగు తడబడుతున్నా అది ఊపిరితిత్తుల్లోనో మెదడులోనో నీరు చేరుతోందనడానికి సూచన. చీకటైనా సరే కిందికి దించేయాలి, ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి చేర్చాలి. మూడు వేల మీటర్లు దాటాక ఒక రాత్రి పడుకున్న చోటికంటే మర్నాటి పడక 500 మీటర్లకి మించి ఎత్తులో ఉండకూడదన్నది వైద్యులు చెప్పే లెక్క. నడుమ ఒకరోజు విశ్రాంతి కూడా. ముందుజాగ్రత్త మాత్రలున్నాయి గానీ అవి డాక్టరు చూసి ఇవ్వాల్సినవి, పక్కసీటు కుర్రాడు ఇచ్చేవి కావు.

వయసూ కండబలమూ దీనికి అడ్డుపడవు. రోజూ పది కిలోమీటర్లు పరిగెత్తే కుర్రాడికి రావచ్చు, పక్కనే నడిచే యాభై ఏళ్లాయనకి రాకపోవచ్చు. ఇంకో సంగతి... పోయిన వారం కొండమీద ఒక రాత్రి ఉండొచ్చాం కదా, ఈ వారం ఇబ్బంది ఉండదనుకోకూడదు. రోజంతా పల్లంలో ఫ్యాక్టరీ, వారాంతంలో కొండ అంటే, ఎత్తుకి సంబంధించినంత వరకు ప్రతిసారీ ఒళ్లు మళ్లీ మొదట్నుంచే మొదలుపెడుతుంది. వారాంతపు నడకలతో గట్టిపడేది కాళ్లూ, మన అంచనాలూ.

ఆదివారాల లెక్క

ఫ్యాక్టరీలో రెండో శనివారం, నాలుగో శనివారమే సెలవు. అంటే పదిహేడు వారాల్లో రెండేసి రోజులు దొరికేవి సగమే. మిగతావి ఒట్టి ఆదివారాలు. నీరసపడాల్సిన పనిలేదు. ఒక్క రోజుకి పంచకుల జిల్లాలోని మోర్నీ కొండలున్నాయి, హరియాణాకి ఉన్న ఒకే ఒక్క హిల్‌స్టేషన్. పర్వానూ నుంచి కసౌలీకి కాలిబాట ఉంది. సగం పూట ఎక్కి, కసౌలీలో వేడివేడిగా బన్ను సమోసా తిని, బస్సులో దిగి రావచ్చు. కొత్త షూ కరుస్తోందా, సంచీ బరువెంత మోయగలం, దిగేటప్పుడు మోకాళ్లేమంటున్నాయి... ఇవన్నీ తేలాల్సింది ఇలాంటి చోటే. అసలు షూ హైదరాబాద్‌లోనే కొని, అపార్ట్‌మెంటు మెట్లమీద పదిహేను రోజులు ఎక్కిదిగి ఉంటే మరీ మంచిది. భువనగిరి కోట గుట్ట ఎలాగూ ఉంది. 2014 మే 25న పదమూడేళ్లకే ఎవరెస్టెక్కిన మాలావత్ పూర్ణ రాళ్లెక్కడం నేర్చుకుంది దానిమీదే.

రెండ్రోజులు దొరికితే శుక్రవారం రాత్రి సెక్టార్ 43 బస్టాండు. అక్కణ్నుంచి హిమాచల్ బస్సెక్కి తెల్లారేసరికి ఔట్‌లో దిగితే బంజార్, జీభీల మీదుగా జలోరీ కనుమ. ఎత్తు 3,120 మీటర్లు. రోడ్డు అక్కడిదాకా ఉంది. కనుమ నుంచి సేరోల్‌సర్ సరస్సుకి ఖర్సూ ఓక్ చెట్ల నీడన అయిదు కిలోమీటర్లు, పెద్ద ఎక్కుళ్లేమీ లేవు. హిమాలయాన్ని తొలిసారి నడిచి చూడాలనుకునేవాళ్లకి ఇంతకంటే మెత్తని దారి దొరకదు. రాత్రికి మాత్రం కనుమ దగ్గర ఉండకుండా జీభీకి దిగి పడుకోవడం మేలు.

ఆదివారం మధ్యాహ్నానికల్లా తిరుగు బస్సెక్కాలి. సోమవారం పొద్దున ఎనిమిదింటికి డ్యూటీ పెట్టుకుని ఆదివారం రాత్రి ఆఖరి బస్సుని నమ్ముకున్నవాళ్లు కొండమీద తొందరపడతారు. తొందరపడ్డవాళ్లే అడ్డదారుల్లో దిగుతారు. అలాంటి వారం వచ్చినప్పుడు ‘దారి మూసుకుపోతే సోమవారం సెలవు పెడతాను’ అని పైఅధికారికి శుక్రవారమే చెప్పి ఉంచితే ఒళ్లు తేలికవుతుంది. కంపెనీ ఇచ్చిన బీమా కాగితం కూడా ఓసారి చదవాలి. సాహసక్రీడలు చాలా పాలసీల్లో మినహాయింపుల జాబితాలో ఉంటాయి.

దసరా సెలవుల్లో అమ్మా నాన్నా తమ్ముడూ వచ్చారు. మన దసరా విజయదశమితో ముగుస్తుంది, కుల్లూ దసరా ఆ రోజే మొదలై ఏడు రోజులుంటుంది! రఘునాథుడి రథం లాగుతుంటే చుట్టుపక్కల ఊళ్ల దేవతలంతా పల్లకీలెక్కి మైదానానికి దిగివస్తారు. ఇక్కడ పండగ చేసుకుని బయల్దేరినా అక్కడి పండగ అందుతుంది. దారిలో థలౌట్ దగ్గర అమ్మ కిటికీలోంచి నదిని చూస్తూ చాలాసేపు మాట్లాడలేదు. నీళ్లు సన్నగా, పచ్చగా, ఏ పాపం ఎరగనట్టు ఉన్నాయి. ఇద్దరు కుర్రాళ్లు ప్యాంట్లు మడిచి రాళ్లమీదకి దిగుతున్నారు. ‘డ్రైవరుతో చెప్పి హారన్ కొట్టించమ్మా’ అంది అమ్మ. కొట్టించారు. వాళ్లు చెయ్యూపారే గానీ ఒడ్డుకి రాలేదు.

చూడ్‌ధార్ దారిలో ఒంటిగంట

కాగితం మీద ఎర్రసిరాతో రాసుకున్న గడి అక్టోబరు నాలుగోవారానిది. చూడ్‌ధార్. 3,647 మీటర్లు. సిర్మౌర్ జిల్లా సరిహద్దులో, బయటి హిమాలయాల్లో తల ఎత్తుకు నిలబడ్డ శిఖరం. పైకెళ్లి ఒకవైపు చూస్తే పంజాబ్, హరియాణా మైదానాలు, ఇంకోవైపు మంచుకొండల వరస. శిఖరానికి కాస్త దిగువన శిర్‌గుల్ మహరాజ్ గుడి. రాత్రికి తలదాచుకోవడానికి అక్కడే ధర్మశాల.

సోలన్, రాజ్‌గఢ్‌ల మీదుగా నోహ్రాధార్ చేరితే అక్కణ్నుంచి పదహారు కిలోమీటర్లకి పైనే నడక. ఒకటిన్నర వేల మీటర్ల ఎక్కుడు. అలిపిరి నుంచి తిరుమలకి 3,550 మెట్లెక్కినవాళ్లకి ఓ లెక్క... దానికి రెట్టింపు, మెట్లుండవు, దారిపొడుగునా నీడ ఉండదు, గాలి పలచన. అందుకే ఒకరోజులో ఎక్కి దిగే ఆలోచన పెట్టుకోలేదు. శనివారం ధర్మశాల, ఆదివారం తెల్లారి శిఖరం, సాయంత్రానికి నోహ్రాధార్, సోమవారం సెలవు. నిజానికి వైద్యుల లెక్క ప్రకారం ఒక్కరోజులో ఇంత ఎత్తుకి పోయి పడుకోవడం ఎక్కువే. అందుకని తలనొప్పి మొదలైతే వెనక్కేనని ముందే అనుకున్నారు. వెంట ఇద్దరు తోటి ఉద్యోగులు, ఊళ్లో మాట్లాడుకున్న గైడు. సంచీలో వానకోటు, తలకి కట్టుకునే టార్చి, పొడి సాక్సులు, పులిహోర. (చలిలో పులిహోరంత నమ్మకమైన తిండి ఏ ట్రెక్కింగ్ పుస్తకంలోనూ కనిపించదు. రాసినవాళ్లు తినలేదు కాబోలు.)

ఇంకో మాట కూడా ముందే అనుకున్నారు. మధ్యాహ్నం ఒంటిగంటకి గుడి కనుచూపు మేరలో లేకపోతే వెనక్కి తిరగాలి. అక్టోబరు చివర్లో అక్కడ అయిదున్నర దాటగానే పొద్దు వాలిపోతుంది.

పన్నెండున్నరకి తీసరీ అనే మజిలీ దగ్గరున్నారు. పడమటి నుంచి మబ్బు కమ్మింది. చెట్లు అయిపోయి బండరాళ్లు మొదలయ్యే చోటు అది. ఒకతనికి తల పట్టేసినట్టుగా ఉంది, పులిహోర వద్దన్నాడు. ఒంటిగంటకి చినుకులు, వాటిలోనే సన్నగా మంచు పలుకులు. శిఖరం అటువైపెక్కడో ఉంది. ‘ఇంకో గంటన్నరే, ఎక్కేద్దాం’ అన్నాడు ఇంకొకతను. అతనికి ఆ వారంతో ప్రాజెక్టు అయిపోతోంది, ఇంటికి టికెట్ కూడా తీసుకున్నాడు. కొండల్లో పోయే ప్రాణాల్లో చాలావాటి వెనక ఈ మాట ఉంటుంది. మళ్లీ రాలేం, డబ్బు కట్టేశాం, ఇంత దూరం వచ్చాం. అయిదు రోజుల టూరిస్టుకి ఆ మాట కాదనడం చాలా కష్టం. నాలుగు నెలలుండేవాళ్లకి ఆఫీసు ఇచ్చిన అసలు వరం అదే, వచ్చే ఆదివారం!

గైడు ఏమీ అనలేదు. అమ్మాయి గడియారం చూపించింది. తిరిగారు.

కిందికి రెండు గంటల దూరం దిగేసరికి తలనొప్పి అతను మిగిలిన పులిహోర అడిగాడు. టికెట్ తీసుకున్నతను మాత్రం నోహ్రాధార్ దాకా ముభావంగానే ఉన్నాడు. సిగ్నల్ రాగానే అమ్మాయి ఇంటికి ఫోన్ చేసింది. మొదటి రింగుకే ఎత్తింది అమ్మ.

తర్వాతి ఆదివారం చూడ్‌ధార్‌కి వెళ్లలేదు, బ్యాచ్ తనిఖీ వచ్చిపడింది. ఆ తర్వాత పైన మంచు కురిసిందన్నారు. నవంబరులో రెండ్రోజులు దొరికితే కాంగ్రా లోయలోని బీర్‌కి వెళ్లింది. 2015లో పారాగ్లైడింగ్ ప్రపంచ కప్ పోటీ జరిగిన ఊరు. రెండున్నర వేల మీటర్లకి దగ్గర్లో ఉన్న బిల్లింగ్ నుంచి గాల్లోకి లేచి కింద బీర్ పొలాల్లో దిగుతారు. పర్యాటక శాఖలో నమోదైన పైలట్టేనా అని అడిగి, గుర్తింపు చూశాకే కూర్చోవాలి. మొదటిరోజు గాలి సరిగా లేదని పైలట్ ఎగరనన్నాడు. మర్నాడు ఎగిరింది. ఆ ఇరవై నిమిషాల సంగతి ఇంట్లో దిగాకే చెప్పింది.

డిసెంబరులో పొగమంచు. రైళ్లన్నీ ఆలస్యం. మిగిలిన ఓ ఆదివారం కాల్కా నుంచి సిమ్లాకి బొమ్మరైలు. 1903 నాటి దారి, 96 కిలోమీటర్లు, నూటికి పైగా సొరంగాలు. సాహసమేమీ లేదు, కిటికీ పక్క సీటు దొరకడం తప్ప!

హైదరాబాద్ వచ్చాక ఆ కాగితం ఫ్రిజ్ తలుపు మీదకెక్కింది. పదిహేడు గళ్లలో పదకొండు నిండాయి. నాలుగు బట్టలుతుక్కోవడానికి, రెండు జ్వరానికి పోయాయి. ఎర్రసిరా గడిలో ‘తీసరీ దాకా’ అని రాసుంది. అమ్మ ఫ్రిజ్ తీసినప్పుడల్లా అది కంటపడుతూనే ఉంది.

‘మార్చిలో రివ్యూకి మళ్లీ ఓ నెల రమ్మంటున్నారమ్మా’ అంది అమ్మాయి ఓ రోజు.

అమ్మ పాలగిన్నె లోపల పెట్టి తలుపు మూసింది.

‘మార్చిలో పైన మంచుంటుంది కదే. మే నెలలో వస్తానని చెప్పు.’